అమ్ములు చెప్పని రెండు పేజీలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మృణాళిని గారికి, మా సీరియల్ దర్శకులు విజయకుమార్ గారికి, ఎవరి కోసమైతే మనమంతా పాండీ బజారు జనాన్ని ఈదుకుంటూ వచ్చి ఈ మేడమెట్లు ఎక్కామో ఆ ఆదిమూలం గారికి, ఆయన పక్కనే కూర్చుని మైకు ఆయన చేతికి అందకుండా కాపలా కాస్తున్న ఆయన శ్రీమతి చెంగమ్మ గారికి, పెద్దలకు, మిత్రులకు, నేను ఇంకా ‘నమస్కారం’ అనకముందే టిఫిను బల్లల వైపు కుర్చీలు తిప్పుకున్న కెమెరా విభాగం వారికి, అందరికీ నమస్కారం.

నా పేరు ధన్య. ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ‘గుర్రంలేని జట్కా’ సీరియల్‌కు మాటలు రాశాను. మొదట మాటలు రాయవలసిన పెద్దాయనకు సినిమా అవకాశం వచ్చి వెళ్ళిపోతే, విజయకుమార్ గారు మా కాలేజీకి వచ్చి, “పాత తెలుగు తెలిసినవాళ్ళు, కొత్త జీతానికి ఒప్పుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. రెండో అర్హత నాకు పూర్తిగా ఉంది. (నవ్వులు) ఈ సభలో మాట్లాడమని కూడా ఆయనే అన్నారు. “రెండు పేజీలు దాటొద్దమ్మా” అని హెచ్చరించి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “నీకు రెండు పేజీలంటే ఎంతో నాకు తెలుసులే” అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు వెనక ఉన్న కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. నాకు ఆదిమూలం గారి మీద కొన్ని నెలల పాటు ఎంత కోపం ఉండేదో, అది ఎట్లా తీరిందో, అసలు తీరిందో లేదో, ఆయన పని విరమించుకుని వెళ్ళిపోయే ముందు నలుగురి ఎదుటా చెప్పుకోవాలని ఉంది.

మా కాలేజీ నుంచి వచ్చిన స్నేహితుల కోసం ఒక సంగతి చెప్పాలి. సీరియల్‌లో నటించేవాళ్ళకు మాటలు ఆ రోజు పొద్దున అందుతాయి. ఎవరూ బట్టీ పట్టరు. కెమెరా పక్కన ఒకరు కూర్చుని ఒక్కొక్క వాక్యం పైకి చదువుతుంటే, నటులు విని, తిరిగి అదే పలుకుతారు. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. మా సీరియల్‌కు ఆ పని ఆదిమూలం గారిది. తర్వాత డబ్బింగు థియేటరులో ఆ చదివిన గొంతు తీసేసి, నటుల గొంతు మాత్రం ఉంచుతారు. అంటే, మా సీరియల్‌లో తాతగారు తిట్టినా, పిల్లవాడు మారాం చేసినా, పెళ్ళికూతురు సిగ్గుపడినా, అదంతా ముందు ఆదిమూలం గారి నోటి నుంచి వచ్చిందే. పెళ్ళికూతురి సిగ్గు ఆయన నోట వినడం చూడవలసిన దృశ్యం. (నవ్వులు) అందరికీ మాట అందించిన మనిషి గొంతు మాత్రం తెర మీద ఎక్కడా వినపడదు.

వినపడదని నేనూ అనుకున్నాను. కానీ ఆయన పైవరస పన్ను ఒకటి కాస్త కదులుతుంది. క్షమించాలి ఆదిమూలం గారూ, ఇది అందరికీ తెలిసిన రహస్యమే. ప్రతి వాక్యం మధ్యలోనూ ఆయన ఆగి, ఆ పంటిని నాలుకతో యథాస్థానంలో నిలబెట్టి, మళ్ళీ మొదలుపెడతారు. ఆయన ఆగినచోటల్లా మా నటులూ ఆగేవారు. “నేను రేపు… చింతాద్రిపేట నుంచి… బయలుదేరుతున్నాను” అని తాతగారు, “అట్లాగే… వెళ్ళి రండి” అని అమ్మమ్మగారు. సీరియల్ ప్రసారమయ్యాక నెల్లూరు నుంచి ఒక ప్రేక్షకుడు ఫోన్ చేసి, “మా ముత్తాత కూడా అచ్చం ఇట్లానే ఆగి ఆగి మాట్లాడేవాడండీ, ఆ కాలపు గాంభీర్యమే వేరు, ఎంత పరిశోధన చేశారండీ!” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. విజయకుమార్ గారు ఫోన్‌లోనే వినయంగా, “ఏదో మా శక్తికొద్దీ” అన్నారు. (నవ్వులు) సార్, మీరు అన్నారు, నేను పక్కనే ఉన్నాను.

ఇక మా కథానాయిక శరణ్య. అదిగో, రెండో వరసలో పసుపు పావడా. పెరంబూరు పాప. ఇంట్లో అవ్వ తెలుగు, నాన్న సగం తెలుగు, తను ఏదో పండగకు తెలుగు. ఎంపిక రోజున విజయకుమార్ గారు, “పాపా, తెలుగు వచ్చునా?” అని అడిగితే, “నల్లా తెరియుం సార్!” అని ధైర్యంగా చెప్పింది. తెలుగు బాగా వచ్చునని అరవంలో చెప్పిన ఆ ధైర్యానికే ఆయన ఆమెను తీసుకున్నారు. తనకు చెప్పింది ఒక్కటే: “మామయ్య ఏం చెబితే అది చెప్పాల.” తను అక్షరాలా పాటించింది. మొదటి రోజు చిత్రీకరణలో ఆదిమూలం గారు “నాయనా, గుర్రానికి జ్వరమొచ్చింది” అని అందించారు. పాప అట్లానే అంది. “కళ్ళు పైకెత్తు” అన్నారాయన. “కళ్ళు పైకెత్తు” అంది పాప, తండ్రి వేషం వేసినాయనతో. ఆయన ఎత్తారు. “నువ్వు కాదబ్బా, పాప!” అన్నారు ఆదిమూలం గారు. “నువ్వు కాదబ్బా, పాప!” అంది శరణ్య. “అయ్యో రామచంద్రా, కట్ చెయ్యండప్పా!” అన్నారు. అదీ అంది, చేతులు కూడా జోడించి. (నవ్వులు, కొంతసేపు) ఆ రోజంతటిలో తను అన్నిటికన్నా సహజంగా పలికిన మాట అదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మునిరత్నం గారు, అంటే మన అధ్యక్షురాలు మృణాళిని గారి నాన్నగారు, రాసిన ‘గుర్రంలేని జట్కా’ చదవకుండా మద్రాసులో తెలుగు పిల్లలు ఎవరూ పెద్దవాళ్ళు కాలేదని మా అమ్మ అంటుంది. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పందొమ్మిది వందల ముప్పైల్లో చింతాద్రిపేట. మగ్గాల వీధి. నేతవారి పిల్ల అమ్ములు. పక్కింటి జట్కాకు ఒక ముసలి గుర్రం. దాన్ని తోళ్ళ మండీకి అమ్మేస్తారని తెలిసి, ఒక మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్నప్పుడు అమ్ములు కట్టు విప్పి దాన్ని వదిలేస్తుంది. పోలీసు వస్తాడు. వీధివాళ్ళందరి ముందూ అమ్ములును నిలబెట్టి, “గుర్రాన్ని విప్పింది ఎవరు?” అని అడుగుతాడు. తర్వాత మునిరత్నం గారు రాసింది ఒకే ఒక్క వాక్యం: “అమ్ములు ఏమీ చెప్పలేదు.”

ఆ వాక్యానికి నేను రెండు పేజీల సంభాషణ రాశాను. (నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. అప్పుడూ నవ్వారు. కానీ నా పక్షం కూడా వినాలి. ఛానెల్ వారి నుంచి వచ్చిన ఒక అధికారి, “హీరోయిన్ అంతసేపు మాట్లాడకపోతే జనం టీవీ పాడైందనుకుంటారు” అన్నారు. పైగా ఇది ఆఖరి భాగం. పైగా, నిజం చెప్పాలంటే, నాకు మాటలంటే అప్పుడే కొత్తగా పిచ్చి పట్టింది. గ్రంథాలయంలో ఒక మంచి పదం దొరికితే దాన్ని ఎవరి నోట్లోనైనా పెట్టేదాకా నాకు అన్నం సయించేది కాదు. నేను రాసిన మాటల్లో ఆ రెండు పేజీలు మాత్రం పూర్తిగా నావి. మిగిలినవన్నీ నవలలోవి, లేకపోతే ఆదిమూలం గారివి. అవును, ఆదిమూలం గారివి! నేను “వీధి అరుగు మీద వాలిన లేత ఎండలా వచ్చావా నాన్నా” అని రాసి ఇస్తే, ఆయన కాగితం వైపు చూస్తూనే, “వచ్చినావా నాయనా” అని చదివేవారు. అది ప్రసారమైన రోజు మా అమ్మ ఫోన్ చేసి, “వచ్చినావా నాయనా అని ఎంత బాగా రాసినావే!” అంది. నేను ఏం చెప్పను?

అందుకని ఆ రెండు పేజీలు ఉన్నవి ఉన్నట్టుగా తెర మీదకు రావాలని పట్టుపట్టాను. మా కాలేజీలో అందరికీ చెప్పాను. మా మేడమ్‌కు చెప్పాను. మా వీధిలో ఇస్త్రీ బండి లూర్దుమేరి అక్కకు కూడా చెప్పాను. ముందుగా ఆ పేజీలు విన్నది మృణాళిని గారు. నవల హక్కులు ఇచ్చింది ఆవిడే కాబట్టి వినిపించక తప్పలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి, “ఏమ్మా, మా నాయన ఆడ రాయడం మర్చిపోయినాడనుకున్నావా?” అన్నారు. (నవ్వులు) అమ్మా, మీరూ నవ్వుతున్నారు! అయినా ఆవిడ వద్దనలేదు. “తీసి చూడండి. బాగుంటే ఉంచండి, లేకపోతే లేదు” అన్నారు.

తర్వాత ఆదిమూలం గారు. సెట్టు మీద ధోవతులు ఆరవేయడం ముగించి మరీ ఆ పేజీలు పట్టుకెళ్ళాను ఆయన దగ్గరకు. అంటే, పాత ఇళ్ళ మీది డిష్ యాంటెన్నాలు కెమెరాకు కనపడకుండా ధోవతులు అడ్డం ఆరవేసే పని కూడా నాదే. ఆయన మొదటి వాక్యం పైకి చదివారు: “ఈ వీధిలోని ప్రతి మగ్గమూ దారానికి దారి చూపిస్తున్నప్పుడు, నోరులేని జీవానికి దారి చూపిన నేరం నాదైతే, ఆ నేరాన్ని నేను నుదుట తిలకంలా ధరిస్తాను.” పన్ను సర్దుకున్నారు.

“ఏమ్మా, ఇది పదకొండేళ్ళ పాప చెప్పేదా, హైకోర్టు వకీలు చెప్పేదా?”

“అది ఆవేశం సార్.”

“ఆవేశం సెరిమ్మా. ఊపిరి ఏడ తీసుకునేది? ఆడ ఒక కామా, ఈడ ఒక కామా. కామాలను నమ్ముకుని పాపని నీళ్ళలో దించేస్తావా?”

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయనకు ఆడపిల్లలు ఏడిస్తే చేతులు కాళ్ళు ఆడవు. వెంటనే, “సెరి సెరి, ఏడవద్దు. ఈ రెండు పేజీల్లో ఒక్క మాట తీయను. మా ఇంటామె మీద ఒట్టు” అన్నారు. చెంగమ్మ గారూ, మిమ్మల్ని అడక్కుండానే మీ ప్రాణాలు పణంగా పెట్టేశారు. (చెంగమ్మ గారు: “ఆయనకేం, ఎప్పుడూ నా మీదే!” నవ్వులు)

ఆ రోజు వచ్చింది. చింతాద్రిపేటలో మిగిలిన ఒక పాత పెంకుటింటి ముందు చిత్రీకరణ. గుర్రాన్ని మెరీనా నుంచి తెచ్చారు. అక్కడ పిల్లలను ఎక్కించుకుని కొంత దూరం పోయి, తిరిగి వచ్చి నిలబడడం దాని వృత్తి. అమ్ములు కట్టు విప్పగానే అది స్వేచ్ఛగా పరుగెత్తిపోవాలి. పరుగెత్తింది. వీధి మలుపు దాకా పోయి, తనంతట తనే తిరిగి, బుద్ధిగా శరణ్య పక్కకు వచ్చి నిలబడి, తర్వాతి పిల్లవాడి కోసం చూసింది. (నవ్వులు) ఎన్నిసార్లు వదిలినా అంతే. విజయకుమార్ గారు నెత్తి పట్టుకుని, “దీనికి స్వాతంత్ర్యం వద్దంటా ఉందిరా!” అన్నారు. చివరికి మలుపు అవతల దాని యజమాని పచ్చగడ్డి పట్టుకుని నిలబడితే గానీ పని కాలేదు.

దాంతో ఎండ దిగిపోయింది. ఆ ఇంటివాళ్ళు మాకిచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి. అమ్ములు సన్నివేశం ఒక్కసారికే అయిపోవాలి. సరిగ్గా అప్పుడే క్యాంటీన్ నుంచి బోండాలు వచ్చాయి. లైట్లు సర్దడానికి ఇంకా సమయం పడుతుందనుకుని ఆదిమూలం గారు ఒకటి నోట్లో వేసుకున్నారు. మబ్బు వస్తున్నదని చూసి విజయకుమార్ గారు ఉన్నట్టుండి “యాక్షన్!” అన్నారు.

పోలీసు అడిగాడు: “గుర్రాన్ని విప్పింది ఎవరు?”

శరణ్య ఆదిమూలం గారి వైపు చూసింది. ఆయన మాట అందించాలి. నోట్లో పొగలు కక్కే బోండా. మింగలేరు, ఉమ్మలేరు, నోరు తెరిస్తే బోండా బయటపడుతుంది కాబట్టి ఊదనూ లేరు. ముఖం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగి, చెంపల మీదుగా కారాయి. నేను నా రెండు పేజీలు పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉన్నాను. వీపు మీద చరిచాను, అది ఇంకా ప్రమాదమైంది. మామయ్య ఏడుస్తున్నాడనుకుంది పాప. ఎందుకో తెలియదు. ఏం చెప్పాలో తెలియదు. నోరు మెదపలేదు, చూపు తిప్పలేదు. దాని కళ్ళలో నెమ్మదిగా నీళ్ళు నిండాయి, పెదవి ఒకసారి వణికింది, తర్వాత గట్టిగా బిగించుకుంది. ఎవరూ కట్ అనలేదు. మబ్బు వచ్చి కమ్మేసింది.



ఆ రోజు ఇక నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మర్నాడు నా దగ్గరకు వచ్చి, “ధన్యమ్మా, బోండా వేడిగా ఉండింది” అన్నారు. నేను, “బోండా వేడిగానే ఉంటుంది సార్” అన్నాను. అంతకన్నా మంచి సంభాషణ అప్పటికి తోచలేదు.

కానీ సీరియల్‌లో ఒక సదుపాయం ఉంది. నోరు మెదపని మనిషి ముఖం మీద మనసులో మాట వినిపించవచ్చు. మేం దాన్ని మైండ్ వాయిస్ అంటాం. ఛానెల్ అధికారి వెంటనే, “ఆ రెండు పేజీలూ మైండ్ వాయిస్‌గా పెట్టేయండి” అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. సాలిగ్రామంలో డబ్బింగు. శరణ్య ఊపిరికి ఇబ్బంది పడకుండా ఆదిమూలం గారు తానే ముందు పూనుకుని, వారం పాటు రోజూ బడి వదిలాక పెరంబూరు రైల్లో వెళ్ళి, ఆ పాపకు వాక్యం వాక్యం నేర్పి తీసుకొచ్చారు. ఒట్టు పెట్టింది చెంగమ్మ గారి మీద కదా. రికార్డింగు అద్భుతంగా వచ్చింది. ఇది నా మాట కాదు, సౌండ్ ఇంజనీరు మాట.

ఇక ఆ గొంతును బొమ్మ మీద పెట్టి చూశాం. విజయకుమార్ గారు దీపాలు ఆర్పి, “ముందు మాటతో. తర్వాత మాట లేకుండా. ఏది పోవాలో రాసినామెనే చెప్పనీ” అన్నారు.

మాటతో చూశాను. నా వాక్యాలు ఒక్కటీ తడబడలేదు. మగ్గం వచ్చింది, దారం వచ్చింది, తిలకం వచ్చింది. అందమైన వాక్యాలే, ఇప్పటికీ అదే చెబుతాను. కానీ తెర మీద ఆ పాప ముఖం చూస్తే, నా మాటలు ఎప్పుడు అయిపోతాయా అని అది మర్యాదగా కాచుకుని ఉన్నట్టుంది. పెద్దవాళ్ళు ప్రసంగిస్తుంటే పిల్లలు నిలబడతారే, అట్లా. మాట లేకుండా చూసినప్పుడు కాచుకుని ఉన్నది ఆ పాప కాదు. వీధంతా కాచుకుని ఉంది, పోలీసు కాచుకుని ఉన్నాడు, చీకట్లో కూర్చున్న మేమంతా ఆ పాప కోసం కాచుకుని ఉన్నాం.

“తీసేయండి సార్” అన్నాను.

ఎవరు ఎదురు తిరిగారో ఊహించగలరా? నా ప్రతి వాక్యాన్నీ కోసిన మనిషి. ఆదిమూలం గారు కుర్చీలోంచి లేచి, “ఎందుకు తీయాల? తీయకూడదు!” అన్నారు.

“మీకు నచ్చలేదన్నారు కదా సార్.”

“అప్పుడు నచ్చలేదమ్మా. ఇప్పుడు నోటికొచ్చేసింది కదా! నోటికొచ్చినాక ఎట్లా నచ్చకుండా ఉంటాది? ఆ బిడ్డకి నేర్పినాను, రైల్లో జనం ముందర చెప్పించినాను. తిలకం అన్నప్పుడు ఒక ముసలామె దణ్ణం పెట్టింది తెలుసునా?”

“సార్, పాప ముఖం చూడండి.”

“ముఖం నాకు తెలుసమ్మా. అది నా బోండా ముఖం! నువ్వు కూర్చోని రాసింది తీసేసి, నేను తింటా కూర్చున్నది టీవీలో వేస్తారా? ఏం న్యాయం ఇది? విజయకుమారూ, నువ్వన్నా చెప్పప్పా!”

విజయకుమార్ గారు చీకట్లో ఏమీ చెప్పలేదు. మునిరత్నం గారి నవల ఆయన క్షుణ్ణంగా చదివారు. (నవ్వులు) చాలాసేపు వాదించుకున్నాం. రాసిన నేనేమో తీసేయమంటాను, కోసే ఆయనేమో ఉంచమంటారు. చివరికి నేనే వెళ్ళి ఇంజనీరుతో చెప్పి తీయించాను. ఛానెల్ వారు అడిగితే అది సాంకేతిక లోపమని చెప్పాం. ఆ లోపానికే మొన్న వాళ్ళు మాకు ఉత్తమ సన్నివేశం అని జ్ఞాపిక ఇచ్చారు. (చప్పట్లు) థియేటరు బయటకు వచ్చి వడపళని బస్టాపులో నేను బాగా ఏడ్చాను. సరైన పని చేసినవాళ్ళకు ఏడుపు రాదని ఎవరో చెప్పగా విన్నాను. వస్తుంది.

అందువల్ల, సభాసదులారా, నేను కాలేజీలోనూ వీధిలోనూ చాటింపు వేసుకున్న ఆ రెండు పేజీలు టీవీలో ఎవరూ వినలేదు. లూర్దుమేరి అక్క మాత్రం, “ఆడ పాప గమ్మునుండింది కదా, ఆ ఇడం, ఆ చోటు, నువ్వు రాసినదా? రొంబ బాగుండింది” అంది. ఆ ఒక్క మెప్పూ తీసుకోవడానికి నాకు అర్హత ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆదిమూలం గారు ఈ సీరియల్‌తో విరమించుకుంటున్నారు. డాక్టరు గొంతుకు పూర్తి విశ్రాంతి కావాలన్నారు. ఇంతమందికి మాట ఇచ్చిన గొంతు కదా, అలసిపోదా మరి? ఈ సన్మానానికి పిలవడానికి మొన్న పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. చెంగమ్మ గారు నన్ను వంటింట్లోకి లాగి, తలుపు దగ్గరకు వేసి, కాఫీ చేతిలో పెట్టి ఒక మాట చెప్పారు. చెంగమ్మ గారూ, ఎవరితోనూ చెప్పొద్దన్నారు. మన్నించండి, ఇది సభ, ఎవరితోనో చెప్పినట్టు కాదు.

“ధన్యమ్మా, డాక్టరు నోరు తెరవద్దన్నాడు. ఈయన వింటేనా? పొద్దున్నే గడ్డం గీసుకుంటా, మొహానికి సబ్బు నురగతో, అద్దం ముందర నిలబడి చిన్నపాప మాదిరి గొంతు పెట్టుకుని ఏందో చెప్తా ఉంటాడు. మగ్గం అంటాడు, దారం అంటాడు, నేరం అంటాడు. నాకు భయమైపోయిందమ్మా, ఏం నేరం చేసినాడో అని! అడిగితే, ‘ఉండు, మధ్యలో ఆపకూడదు’ అంటాడు. రోజూ ఇదే.”

“ఎంతవరకు చెబుతారమ్మా?” అని అడిగాను.

“ఆఖరుదాకా. ఎట్లయినా రెండు పేజీలుంటాది. ఒక్క మాట వదలడు.”

ఆదిమూలం గారూ, నా మాటలు తగ్గించండి, మీ గొంతుకు మంచిది. తగ్గించలేకపోతే, కనీసం కామాల దగ్గర ఊపిరి తీసుకోండి.

నన్ను పిలిచి మాట్లాడనిచ్చిన పెద్దలకు, ఓపికగా కూర్చున్న మీ అందరికీ, తలుపు వేసి మరీ ఆ మాట చెప్పిన చెంగమ్మ గారికి నా కృతజ్ఞతలు. చెప్పవలసింది ఇంకా ఉంది గానీ, చెప్పను. సెలవు.